ఎవరి లెక్క? ఎవరి పట్టిక?
పోటీ పరీక్షల డేటా ఇంటర్‌ప్రిటేషన్ వెనకున్న చరిత్ర

బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకునే రోజుల్లో నా ముందుకొచ్చిన మొట్టమొదటి డేటా ఇంటర్‌ప్రిటేషన్ ప్రశ్న ఒక కుటుంబం నెల ఖర్చుల పై చార్టు. గుండ్రటి బొమ్మ, ఆరు ముక్కలు. తిండి, ఇంటి అద్దె, పిల్లల చదువు, బట్టలు, వినోదం, పొదుపు. వినోదం ముక్క ఎన్ని డిగ్రీల కోణం చేస్తుంది అని ప్రశ్న. ఒక శాతం అంటే 3.6 డిగ్రీలు, ఇది మర్చిపోయినోడు ఇంటికి పోవచ్చు అన్నాడు సారు. నా పక్కనున్నోళ్లు అరనిమిషంలో జవాబు గుర్తు పెట్టేసి తర్వాతి దానికి పోయారు. నేను ఆ బొమ్మ ముందే ఆగిపోయాను. లెక్క రాక కాదు. పది దాకా ప్రభుత్వ బడి, సంక్షేమ హాస్టల్లో చదివినా శాతాలు బాగానే వచ్చు. ఆ కుటుంబం ఎవరిదో అర్థంకాక ఆగిపోయాను. ఆ ఆరు ముక్కల్లో మిత్తి లేదు. చావు ఖర్చు లేదు. ఆస్పత్రి లేదు. వినోదం మాత్రం పిల్లల చదువంత లావుగా ఉంది. ఇదే మాట సారుని అడిగితే హాలంతా నవ్వింది. "అదంతా నీకెందుకు, కోణం కనుక్కో" అన్నాడు.

మా అమ్మకు చదువు రాదు. కూలికి పోయిన రోజున ఇంటికొచ్చి పొయ్యిలోని బొగ్గుతో గోడ మీద ఒక గీత గీసేది. సగం రోజు పనైతే పొట్టి గీత. నాట్లు అయిపోయాక గీతలు లెక్కపెట్టుకుని ఆసామి ఇంటికి పోయేది. ఒక ఏడు గోడ మీద ఇరవై ఏడు గీతలున్నయి, ఆసామి నోటు పుస్తకంలో ఇరవై మూడు రోజులే పడినయి. "అయితే నీ గోడ తీస్కరా పోవే, చూద్దాం" అన్నాడట. ఇరవై మూడు రోజుల కూలే ఇచ్చిండు. కోచింగ్ హాల్లో ఆ నవ్వుల మధ్య నాకు గుర్తొచ్చింది ఇదే. ఒకే పనికి రెండు లెక్కలున్నప్పుడు ఏది చెల్లుతుంది? పుస్తకం చేతిలో ఉన్నోడిదే చెల్లుతుంది. పరీక్షల్లో ఇచ్చే పట్టిక ఎప్పుడూ ఒక్కటే. అది ఎవరు తయారు చేశారు, ఏ నిర్వచనంతో చేశారు అనే ప్రశ్నకి అక్కడ మార్కుల్లేవు.

ఇప్పుడు పరిశోధనలో ఉన్నాను. సాయంత్రాలు హాస్టల్లో మన పిల్లలకి ఈ ప్రశ్నలే ప్రాక్టీస్ చేయిస్తున్నాను. అట్లా చేయించేటప్పుడు తోచిన సంగతులే ఈ వ్యాసం. పట్టిక చదవడం అనేది తటస్థమైన లెక్కల నైపుణ్యం, తెలివిగలోడికి వస్తుంది, లేనోడికి రాదు అని మనకి నేర్పుతున్నారు. చరిత్ర అట్లా చెప్పడం లేదు. ఈ దేశంలో దళితులు నూట యాభై ఏళ్లుగా పట్టికల్లో ఒక వరసగా ఉన్నారు. ఆ వరసలో అంకె ఎంత పడాలి అనే దాని మీద పెద్ద యుద్ధమే జరిగింది. ఆ యుద్ధాన్ని గెలిచింది పట్టిక చదవడం వచ్చినవాళ్లు.

పట్టికల సంగతికొస్తే, ఈ బొమ్మలేవీ మరీ పాతవి కావు. బార్ చార్టుని 1786లో, పై చార్టుని 1801లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లండ్ మనిషి అచ్చులోకి తెచ్చాడు. బ్రిటిషు వ్యాపారం, రాజ్యాల ఆదాయం, జనాభా, ఇవీ ఆయన బొమ్మల విషయాలు. అంటే పుట్టుకలోనే ఇవి పాలించేవాడి పనిముట్లు. మన దగ్గరికి అదే పాలన వెంట వచ్చాయి. 1871-72లో మొదటి జనగణన జరిగింది. మాల, మాదిగ అనే మాటలు ఊరి చివర నుంచి సర్కారు పుస్తకంలోకి ఎక్కాయి. ఊళ్లో తిట్టుగా పలికే పేరు అక్కడ ఒక వరస పేరైంది. ఇది అవమానమా, ఆసరానా అంటే రెండూ అనాలి. మనల్ని లెక్కపెట్టింది మన కోసం కాదు. కానీ లెక్కలోకి ఎక్కాక ఆ అంకె మీద దొరలకి పూర్తి పట్టు లేకుండా పోయింది. 1911 జనగణనప్పుడు కమిషనర్ గెయిట్, హిందువులుగా రాయించుకున్న కులాల్లో ఎవరెవరు నిజానికి బయట ఉన్నారో తేల్చడానికి పది గుర్తులు పెట్టించాడు. గుడిలోకి రానిస్తారా, మంచి బ్రాహ్మడు పౌరోహిత్యం చేస్తాడా, తాకితే మైల అంటారా, గొడ్డుమాంసం తింటారా ఇట్లాంటివి. అప్పట్లో దీని మీద గొడవ పెట్టిన సవర్ణ పెద్దలు అంకె గురించి కాదు, హిందువుల్ని చీలుస్తున్నారని గొడవ పెట్టారు. అంకెకి సీట్లు ముడిపడని కాలం అది.

సీట్లు ముడిపడ్డాక ఏం జరిగిందో చూడాలి. ఇది మన పిల్లలకి ప్రాక్టీసుగా ఇవ్వాల్సిన మొదటి డేటా సెట్ అని నా నమ్మకం.

రెండో రౌండ్ టేబుల్ సమావేశం తర్వాత ఓటు హక్కు ఎవరికి ఎంతవరకు ఇవ్వాలో తేల్చడానికి లోథియన్ కమిటీ వేశారు. 1932 మొదటి నెలల్లో ఆ కమిటీ దేశమంతా తిరిగింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ అందులో సభ్యుడు. అంటరానివాళ్లు ఏ రాష్ట్రంలో ఎంతమంది అనేది తేలితేనే వాళ్ల ప్రాతినిధ్యం తేలుతుంది. ప్రతి రాష్ట్రంలో ఒక ప్రాంతీయ కమిటీ కూడా కూర్చుంది. ఇప్పుడు అంకెలు చూడండి. సంయుక్త రాష్ట్రాల్లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో, 1931 జనగణన లెక్క ప్రకారం అంటరానివాళ్లు 1 కోటి 26 లక్షలు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం అంచనా 68 లక్షలు. ప్రాంతీయ కమిటీ అంచనా 6 లక్షలు. బెంగాల్‌లో జనగణన లెక్క 1 కోటి 3 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వం లెక్క 1 కోటి 12 లక్షలు. ప్రాంతీయ కమిటీ లెక్క 70 వేలు.

మళ్లీ చదవండి. 70 వేలు.

ఇది పరీక్షలో ఇస్తే ఎట్లా అడుగుతాడు? సంయుక్త రాష్ట్రాల్లో జనగణన లెక్కకీ కమిటీ లెక్కకీ మధ్య తగ్గుదల శాతం ఎంత? 126లో 120 పోయింది, 95 శాతం పైన. బెంగాల్‌లో తగ్గుదల 99 శాతం దాటింది. ఏ సంవత్సరం కరువొచ్చింది, ఏ కలరా వచ్చింది? ఏదీ రాలేదు. మనుషులు వాడల్లోనే ఉన్నారు, పనుల్లోనే ఉన్నారు, చెప్పులు చేతబట్టుకుని నడుస్తూనే ఉన్నారు. నిర్వచనం మారింది అంతే. దక్షిణాదిలో ఉన్నట్టు తాకితే మైల, చూస్తే మైల ఇక్కడ లేదు, కాబట్టి మా దగ్గర అంటరానివాళ్లే లేరు అని వాదించారు. మనలాంటి చోట్ల, అంటే మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల్లో, ఈ పేచీ పెద్దగా రాలేదు. ఇక్కడ అంటరానితనం దాచేటంత సన్నగా లేదు మరి!

బాబాసాహెబ్ తర్వాత రాసిన ఒక అధ్యాయానికి పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే 'మిలియన్ల నుంచి భిన్నాలకు' అని. ఆయన పట్టుకున్న కీలకం ఒకటుంది. అంటరానివాళ్లున్నారని ఒప్పుకోవడానికి సవర్ణులకి అంతకుముందు ఇబ్బంది లేదు. లెక్క పెరిగితే తమ సీట్లు తగ్గుతాయని తెలిసిన రోజునే అంటరానివాళ్లు మాయమయ్యారు. ఆయన ఇక్కడ చేసింది ఏంది? మన భాషలో చెప్పాలంటే డేటా ఇంటర్‌ప్రిటేషన్. మూడు నిలువు వరసలు పక్కపక్కన పెట్టాడు. ఒకే వరసలో మూడు అంకెలు ఎందుకు వేరుగా ఉన్నాయని అడిగాడు. ఎవరి అంకె వల్ల ఎవరికి లాభమో చూపించాడు. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివిన మనిషి, బ్రిటిషిండియాలో రాష్ట్రాల ఖజానా మీద పుస్తకం రాసిన మనిషి, అంకెల ముందు బెదిరేవాడు కాదు. మనం ఆయన్ని రాజ్యాంగం పట్టుకున్న విగ్రహంగా చూడటానికి అలవాటు పడ్డాం. పట్టిక మీద పెన్సిలు పెట్టి కూర్చున్న అంబేడ్కర్ మనకింకా పరిచయం కాలేదు అనిపిస్తుంది నాకు.

ఈ ప్రశ్నకి జవాబు పత్రం కూడా తర్వాత వచ్చింది. పూనా ఒప్పందంలో బెంగాల్‌కి 30 సీట్లు, సంయుక్త రాష్ట్రాలకి 20 సీట్లు వచ్చాయి. 70 వేల మందికి 30 సీట్లు ఎవరిస్తారు? అంటే ఆ లెక్కను ఎవరూ నమ్మలేదన్న మాట. 1936లో షెడ్యూల్డు కులాల జాబితా ఉత్తర్వు వచ్చాక జరిగిన 1941 జనగణనలో బెంగాల్ షెడ్యూల్డు కులాలు 73 లక్షల పైన, సంయుక్త రాష్ట్రాల్లో 1 కోటి 17 లక్షలు. ఆసామి నోటు పుస్తకంలో ఇరవై మూడే పడింది గానీ గోడ మీద గీతలు చెరగలేదు.

ఇక రెండో కథ మన దేశంలోది కాదు. కానీ ఈ రకం పరీక్ష పుట్టింది అక్కడే కాబట్టి అక్కడికి పోకుండా లాభం లేదు. మన పిల్లలు రాసే ఆప్షన్ల పరీక్ష, గడియారం పెట్టి అందరికీ ఒకే కొలబద్ద అని చెప్పే పరీక్ష, అమెరికా సైన్యంలో పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917-18లో దాదాపు 17 లక్షల మంది సైనికులకి 'తెలివి' పరీక్షలు పెట్టారు. చదువొచ్చినవాళ్లకి ఆల్ఫా, రానివాళ్లకి బొమ్మల బీటా. బీటాలో ఒక బొమ్మ టెన్నిస్ ఆటస్థలం. అందులో ఏది లోపించిందో గీయాలి. జవాబు వల. టెన్నిస్ ఎన్నడూ చూడని పల్లె మనిషి, ఇటలీ నుంచో పోలండ్ నుంచో ఓడ దిగిన కూలీ, దక్షిణాది పత్తి చేలలో పెరిగిన నల్ల మనిషి ఏం గీస్తాడు? గీయలేకపోతే తెలివి తక్కువ అని రాశారు. నా పై చార్టులోని వినోదం ముక్క నాకు మళ్లీ ఇక్కడ కనబడింది.

ఆ పరీక్షల పట్టికలు తీసుకుని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగమ్ 1923లో అమెరికన్ల తెలివి మీద ఒక పుస్తకం రాశాడు. ఉత్తర యూరపు తెల్లజాతి పైన, మిగతా యూరపు వాళ్లు కింద, నల్లవాళ్లు అట్టడుగున అని తేల్చాడు. ఆ పట్టికల్లో ఒక విషయం ఆయన కళ్ల ముందే ఉంది. అమెరికాలో ఎక్కువ ఏళ్లు ఉన్న వలసవాళ్లకి ఎక్కువ మార్కులు వచ్చాయి, కొత్తగా వచ్చినవాళ్లకి తక్కువ. మామూలు మనిషి దీన్ని ఎట్లా చదువుతాడు? భాష వచ్చింది, బడి వచ్చింది, పరీక్ష అలవాటైంది, మార్కులు పెరిగాయి అని. బ్రిగమ్ చదివింది వేరు. ఇప్పుడొచ్చే వలసవాళ్ల రకమే నాసిరకం అని చదివాడు. అంకె ఒకటే, చదువు రెండు. 1924లో వలసల్ని జాతుల వారీగా కోసేసిన చట్టం వచ్చిన వాతావరణంలో ఇట్లాంటి పుస్తకాలున్నాయి. ఆ బ్రిగమే కాలేజీ ప్రవేశాల కోసం ఎస్ఏటీ అనే పరీక్ష తయారీకి నాయకత్వం వహించాడు. 1926 జూన్‌లో మొదటిసారి సుమారు 8 వేల మంది రాశారు. 1930లో తన పాత పుస్తకం నిర్ధారణలకి ఆధారం లేదని ఆయనే అచ్చులో ఒప్పుకున్నాడు. పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు గానీ పరీక్ష వెనక్కి పోలేదు. అది పెరిగి పెద్దదైంది.

ఆ తప్పు చదువును తిప్పికొట్టినవాళ్లలో ఒకడు హొరేస్ మాన్ బాండ్. తండ్రి బానిసత్వంలో పుట్టినవాడు. 1924లో డుబాయిస్ సంపాదకుడుగా ఉన్న 'క్రైసిస్' పత్రికలో బాండ్ ఈ తెలివి పరీక్షల ప్రచారం మీద వ్యాసం రాశాడు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు నిండలేదు! బాండ్ వంటి నల్లజాతి పరిశోధకులు కొత్త సర్వేలేమీ చేయలేదు. సైన్యం అచ్చేసిన పట్టికలే మళ్లీ తీశారు. జాతి వారీగా కాకుండా రాష్ట్రాల వారీగా పేర్చి చూశారు. బడుల మీద ఎక్కువ ఖర్చుపెట్టే రాష్ట్రాల్లో మార్కులు ఎక్కువ, పెట్టని చోట తక్కువ. ఇల్లినాయ్, న్యూయార్క్ వంటి ఉత్తరాది రాష్ట్రాల నల్లవాళ్ల సగటు మిసిసిపి, అర్కాన్సా వంటి దక్షిణాది రాష్ట్రాల తెల్లవాళ్ల సగటు కన్నా ఎక్కువ వచ్చింది. మరి తెలివి రంగులో ఉంటే ఇదెట్లా? ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఒక్క వరసను అటునుంచి ఇటు మార్చి పేర్చితే మొత్తం వాదం కూలిపోయింది. తర్వాతి కాలంలో బాండ్ తాను చదువుకున్న లింకన్ విశ్వవిద్యాలయానికి మొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు.

డుబాయిస్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకి ఆయన, అట్లాంటా విశ్వవిద్యాలయం విద్యార్థులు కలిసి నల్లజాతి జీవితం మీద అరవై దాకా చార్టులు చేతితో రంగులు వేసి గీశారు. జార్జియాలో నల్లవాళ్ల భూమి ఎంత, బడికి పోయే పిల్లలెంత, ఇంటి ఖర్చు ఎట్లా. అవును, ఇంటి ఖర్చు చార్టు కూడా ఉంది, వాళ్ల సొంత ఇళ్ల ఖర్చు. ప్లేఫెయిర్ పాలకుల కోసం కనిపెట్టిన బొమ్మని బానిసల మనవలు తమకోసం గీసుకున్నారు. ఆ చార్టుల ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు మా వాడకి ఇట్లాంటి ఒక్క చార్టు కూడా లేదే అని చాలాసేపు బాధపడ్డాను.

మన పరీక్షలకొస్తే ఈ డేటా ఇంటర్‌ప్రిటేషన్ ఇప్పుడు తప్పించుకోలేని గేటు. బ్యాంకు పరీక్షల్లో ఉంది. విదేశీ చదువులకి రాసే జీఆర్ఈలో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రూప్-1 మెయిన్స్‌లో దీనికో పేపరుండేది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ ఐదో పేపరు పేరులోనే ఇది ఉంది. సివిల్స్ ప్రిలిమ్స్‌లో 2011లో సీశాట్ పెట్టినప్పుడు సిలబస్‌లో చార్టులు, గ్రాఫులు, పట్టికలు పదో తరగతి స్థాయి అని రాశారు. ఎవరి పదో తరగతి అని అడగాలి. లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉన్న బడి పదో తరగతా? కార్పొరేట్ స్కూలు పదో తరగతా? పల్లెల నుంచి, దేశభాషల మీడియం నుంచి వచ్చినవాళ్లు నష్టపోతున్నారని 2014లో ఢిల్లీలో పెద్ద ఆందోళన జరిగింది. 2015 నుంచి ఆ పేపరుని 33 శాతం వస్తే చాలు అనే అర్హత పేపరుగా మార్చారు. అర్హత అన్నాక తేలికైంది అనుకుంటారు. 200కి 66 మార్కులు. జనరల్ స్టడీస్‌లో ఎంత బాగా రాసినా ఈ 66 రాకపోతే ఆ పేపరు విలువే కట్టరు. దీని మీద మనోళ్లలో రెండు రకాల మాటలు వింటుంటాను. ఇది అగ్రవర్ణ కుట్ర, బహిష్కరించాలి అని ఒకటి. ఇది ఉత్త టెక్నిక్, షార్ట్‌కట్లు నేర్చుకుంటే చాలు అని ఇంకొకటి. మొదటి మాట వినడానికి బాగుంటుంది గానీ నోటిఫికేషన్ వచ్చిన రోజు ఎవరూ ఆగరు, ఆగొద్దు కూడా. రెండో మాట ప్రమాదం. షార్ట్‌కట్ నేర్పేది పట్టికని నమ్మమని. బాండ్ నమ్మి ఉంటే ఏమయ్యేది?

ఒక సెట్ చెప్తాను. ఇది నేను తయారు చేసిందే, అంకెలు జనగణనవి. దేశంలో షెడ్యూల్డు కులాల అక్షరాస్యత 1971లో 14.67 శాతం, 1981లో 21.38, 1991లో 37.41, 2001లో 54.69, 2011లో 66.07. మొత్తం జనాభా అక్షరాస్యత అదే వరసలో 29.45, 36.23, 52.21, 64.84, 72.99. మొదటి ప్రశ్న, తేడా ఎంత? 1971లో 14.78 పాయింట్లు. 1981లో 14.85. 1991లో 14.80. ఇరవై ఏళ్లు ఆ తేడా అంగుళం కదల్లేదు. పంచవర్ష ప్రణాళికలు పోయాయి, గరీబీ హఠావో పోయింది, తేడా అట్లాగే కూర్చుంది. తర్వాత 2001లో 10.15కి, 2011లో 6.92కి తగ్గింది. రెండో ప్రశ్న, నిష్పత్తి ఎంత? మొత్తం సగటులో మన అక్షరాస్యత 1971లో సగం. 1991 నాటికి 72 శాతం దాకా. 2011 నాటికి 90 శాతం దాటింది. ఇప్పుడు చెప్పండి, 1971 నుంచి 1991 దాకా మనం ముందుకెళ్లామా, లేదా? తేడా చూపించి ఏమీ మారలేదనొచ్చు. నిష్పత్తి చూపించి బ్రహ్మాండంగా మారిందనొచ్చు. మంత్రిగారు రెండోది చదువుతాడు, మనం మొదటిది చదువుతాం. రెండూ లెక్కగా తప్పు కాదు.

ఇక్కడితో ఆగితే సగం చదివినట్టే. 1971, 1981 అంకెలు పసిపిల్లలతో సహా మొత్తం జనాభా మీద లెక్కేసినవి. 1991 నుంచి ఏడేళ్లు, ఆ పైబడినవాళ్ల మీద లెక్కేశారు. పసిపిల్లల్ని తీసేసిన తర్వాత శాతం దానంతటదే పెరుగుతుంది. కాబట్టి 1981 నుంచి 1991కి వచ్చిన దూకుడంతా బడి వల్ల వచ్చింది కాదు. పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాసే గమనిక ఇదే, పరీక్ష పుస్తకాల్లో దాన్ని కొట్టేసి అచ్చేస్తారు. ఇంకొకటి కూడా ఉంది. మొత్తం జనాభాలో మనమూ ఉన్నాం. మనల్ని మనతో కలిపిన సగటుతో పోలుస్తున్నారు. మనల్ని, ఆదివాసుల్ని పక్కకి తీసి మిగిలినోళ్లతో పోలిస్తే తేడా ఇంకా పెద్దది. ఆడవాళ్ల వరస వేరుగా తీస్తే ఇంకా కిందికి పోతాం. 1991లో మన ఆడవాళ్ల అక్షరాస్యత 23.76 శాతం. మా అమ్మ మిగతా 76లో ఉంది.

ఇంకో లెక్క గురించి చెప్పాలి, చెప్పకుండా తప్పించుకుంటే నిజాయితీ కాదు. వర్గీకరణ. 1994లో మాదిగ దండోరా మొదలైనప్పటి నుంచి ఈ ముప్పై ఏళ్లు మనలో మనం ఒకే పట్టికని పట్టుకుని కొట్లాడుకున్నాం. 1997లో ఉమ్మడి రాష్ట్రం 15 శాతాన్ని ఏ, బీ, సీ, డీలుగా 1, 7, 6, 1 అని పంచింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెయ్యొచ్చంది. 2025లో తెలంగాణ మూడు గ్రూపులుగా 1, 9, 5 అని, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 అని పంచాయి. ఎవరి వాటా ఎంత అనే దాని మీద నా అభిప్రాయం నాకుంది, దానికి ఇది చోటు కాదు. నేను చూసిందేమంటే, సభల్లో రెండు వైపులా మాట్లాడినవాళ్లు చాలామంది జనాభా శాతాన్ని ఉద్యోగాల శాతంతో కలిపేశారు. ఒకరు ఒక సంవత్సరం జనగణన, ఇంకొకరు వేరే సంవత్సరం జనగణన చెప్పారు. ఏ మొత్తంలో శాతమో చెప్పకుండా శాతం చెప్పారు. ఊరి ఆసామి పుస్తకాన్ని అడిగే అలవాటు మనకి మన మధ్య కూడా ఉండాలి కదా. 2024లో తెలంగాణ చేసిన ఇంటింటి కులసర్వేలో ఎస్సీలు 17.43 శాతమని తేలింది. 2011 జనగణనలో తెలంగాణ జిల్లాల్లో మనం 15.45. ఈ తేడా ఎందుకొచ్చింది? జనం పెరిగారా, రాసుకునే పద్ధతి వేరా, రాయించుకునేవాళ్లు మారారా? వచ్చే జనగణనలో కులాలను లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. ఆ అంకెలు వచ్చిన నాడు వాటిని చదివి చెప్పేవాళ్లు మనలో ఎంతమంది ఉంటారనేదే నా భయం. టీవీల్లో కూర్చుని చదివి చెప్పడానికి బ్రిగమ్ లాంటోళ్లు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.

అందుకని మా హాస్టల్లో ప్రాక్టీసు ఇట్లా నడుస్తోంది. మొదటి అరగంట బజారు పుస్తకంలోని సెట్లే, గడియారం పెట్టి, ఎందుకంటే ఉద్యోగం రావాలి. శాతాలు, నిష్పత్తులు, సగటులు చేతికి పట్టుబడాలి. 12.5 శాతం అంటే ఎనిమిదో వంతు, 37.5 అంటే ఎనిమిదింట మూడొంతులు, ఇవి నోటికి రావాలి. ఆప్షన్లు దూరం దూరంగా ఉంటే ఉజ్జాయింపు చాలు, దగ్గరగా ఉంటే పూర్తి లెక్క వెయ్యాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తర్వాత అరగంట గడియారం పక్కన పెట్టి ఒకే ఒక పట్టిక. ఈ అంకె ఎవరిది, ఏ ఏడుది, ఏ మొత్తంలో శాతం, ఎవర్ని వదిలేశారు. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు, పరీక్షలో రానిది ఎందుకన్నా అని. తర్వాత వాళ్లే పట్టికలు పట్టుకొస్తున్నారు. ఒక తమ్ముడు తన ఊరి ఉపాధి హామీ పని దినాల లెక్క రాసుకొచ్చాడు, వాళ్లమ్మ చెప్పిన రోజులు ఒక పక్క, బోర్డు మీద ఉన్న రోజులు ఇంకో పక్క.

మొన్న లోథియన్ కమిటీ పట్టిక ఇచ్చాను. బెంగాల్‌లో రాష్ట్ర ప్రభుత్వం అంచనా ప్రాంతీయ కమిటీ అంచనాకి ఎన్ని రెట్లు అని ప్రశ్న. ఏకంగా నాలుగు ఆప్షన్లు కూడా వేశాను, అసలు పరీక్షలాగా. వరంగల్ వైపు నుంచి వచ్చిన డిగ్రీ రెండో ఏడు చదివే చెల్లె చాలాసేపు కాగితం మీద కొట్టివేతలు చేసి తలెత్తింది.

"అన్నా, జవాబు ఆప్షన్లలో లేదు."

"సరిగ్గా చూడు, సీ ఉంది కదా, 16."

"కాదన్నా. 1 కోటి 12 లక్షల్ని 70 వేలతో భాగిస్తే 160 వస్తది. మీరు 7 లక్షలతో భాగించినట్టున్నరు."

చూసుకుంటే నిజమే. దశాంశం ఒక చోటు జరిగింది. మిగతా పిల్లల్లో ముగ్గురు అప్పటికే సీ గుర్తు పెట్టేశారు, అన్న ఇచ్చిండు కదా అని. కాగితాలన్నీ వెనక్కి తీసుకుని సీ కొట్టేసి పక్కన 160 అని రాశాను. మర్నాటి సెట్ తనే తయారు చేసుకొస్తానంది.